ఐదొందల డాలర్ల గ్రాంటు: ఉగాది కన్నా చలికోటు మేలు

ప్రశ్న: నేను అమెరికాలో, మిడ్‌వెస్ట్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాను. ఊరు చిన్నది. మా స్టూడెంట్ గవర్నమెంట్ (విద్యార్థులు ఎన్నుకునే కౌన్సిల్) వాళ్ళు 'కమ్యూనిటీ బిల్డింగ్' పేరుతో, విద్యార్థులు జరిపే కార్యక్రమాలకు 500 డాలర్ల దాకా గ్రాంటు ఇస్తారు. ఆగస్టులో కొత్త బ్యాచ్ వస్తుంది. పోయినేడాది మేం వచ్చినప్పుడు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం సర్దుకుని, క్లాసు, గది, క్యాంపస్ జాబ్ తప్ప ఇంకేమీ తెలియకుండా సెమిస్టర్ గడిపేశాం. కొత్తవాళ్ళకి అలా జరగకూడదని నాకూ, నా ఇద్దరు ఫ్రెండ్స్‌కీ ఉంది. వినాయక చవితో ఉగాదో గ్రాండ్‌గా చేద్దామని ఒకరు, తెలుగు సినిమా వేద్దామని ఇంకొకరు అంటున్నారు. కానీ ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉండి ఈ డబ్బు తీసుకోవచ్చా? పూజ ఉంటే ఇవ్వరంటున్నారు, నిజమేనా? ముందు మన జేబులోంచి పెట్టుకోవాలట, అదొక టెన్షన్. అప్లికేషన్ రాసేంత ఇంగ్లిష్ నాకు రాదేమోనన్న భయం కూడా ఉంది. పైగా వచ్చే మేలో మా ముగ్గురి చదువూ అయిపోతుంది. ఆ తర్వాత దీన్ని ఎవరు చేస్తారు?
– ఒక ఎం.ఎస్. విద్యార్థిని

సమాధానం: 'తీసుకోవచ్చా' అని మీరు అడిగిన తీరులోనే కొంత బెరుకు ఉంది. ముందు దాని సంగతి చూద్దాం. మీ సెమిస్టర్ బిల్లు ఒకసారి తెరవండి. ట్యూషన్, హెల్త్ ఇన్సూరెన్స్ తర్వాత ఎక్కడో 'స్టూడెంట్ యాక్టివిటీ ఫీజు' అనో, దానికి దగ్గరి పేరుతోనో ఒక మొత్తం ఉంటుంది. స్టూడెంట్ గవర్నమెంట్లు పంచే గ్రాంట్లు మామూలుగా ఆ ఫీజులోంచే వస్తాయి. అంటే మీరూ కట్టిన డబ్బే. అప్లికేషన్ పెట్టడం ఎవరినో సాయం అడగడం కాదు, మీ వాటా ఎక్కడ ఖర్చు కావాలో మీరూ చెప్పడం.

ఈ ఫీజు మీద పెద్ద కేసే నడిచింది. విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్ క్యాంపస్‌లో ఏడాదికి 331.50 డాలర్ల ఫీజు ఉండేది. అందులో కొంత తమకు నచ్చని భావాలున్న సంఘాలకు పోతోందని కొందరు విద్యార్థులు కోర్టుకెళ్ళారు. 2000లో అమెరికా సుప్రీంకోర్టు, ఫీజు వసూలు చేయడం తప్పు కాదు గానీ పంచేటప్పుడు ఒక అభిప్రాయానికి ఎక్కువ, ఇంకొక అభిప్రాయానికి తక్కువ అనే తేడా ఉండకూడదని చెప్పింది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో గ్రాంటు కమిటీలు రాతపూర్వకమైన నియమాలు పెట్టుకుని, పాయింట్లు వేసి, ఎందుకిచ్చామో ఎందుకివ్వలేదో రికార్డు రాసుకోవడం వెనక ఇలాంటి తీర్పులున్నాయి. మీకు ఉపయోగపడే సంగతి ఏమిటంటే, ఆ నియమాలు ఎవరైనా చదవొచ్చు. చదివాకే అప్లికేషన్ రాయండి. ఇలాంటి అప్లికేషన్లు చూసే బల్ల దగ్గర కొంతకాలం కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను, ఎక్కువ మంది ఆ రెండు పేజీలు చదవకుండానే రాస్తారు.

వీసా సంగతి. కార్యక్రమానికి అయిన ఖర్చును యూనివర్సిటీ భరించడం మీకు జీతం ఇవ్వడం కిందికి రాదు. గొడవ ఎక్కడ వస్తుందంటే, 'ఆర్గనైజర్‌కి 100 డాలర్లు', 'డాన్స్ చేసిన ఫ్రెండ్‌కి 75 డాలర్లు' అని రాసినప్పుడు. చేసిన పనికి డబ్బు తీసుకుంటే అది ఉద్యోగంగా లెక్కకు రావచ్చు. ఎఫ్-1 మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటి పని చేయకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. కాబట్టి బడ్జెట్‌లో మనుషులకిచ్చే డబ్బు అసలు పెట్టకండి. గ్రాంటు మీ సొంత బ్యాంకు ఖాతాలోకి కాకుండా గుర్తింపు ఉన్న ఒక స్టూడెంట్ క్లబ్బు ఖాతాలోకి వెళ్ళేలా చూసుకోండి. కొత్త క్లబ్బు పెట్టాలంటే నియమావళి రాయాలి, ఫ్యాకల్టీలోనో స్టాఫ్‌లోనో ఒక అడ్వైజర్‌ని వెతకాలి, కొందరు సభ్యులను చూపించాలి. ఆగస్టులోపు ఇదంతా కుదరదనిపిస్తే మీ డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అసోసియేషన్‌నో, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ క్లబ్బునో కలుపుకుని వాళ్ళ పేరు మీద అడగండి.

ఇప్పుడు అసలు విషయం. ఉగాది గ్రాండ్‌గా చేయాలన్న మీ ఫ్రెండ్ ఆశ నాకు అర్థమవుతుంది. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు పండగ రోజు గదిలో నూడుల్స్ తిని పడుకోవడం ఎంత కష్టంగా ఉంటుందో తెలిసినవాళ్ళే ఆ మాట అంటారు. కానీ మీరు నాకు రాసిన బాధ పండగ గురించి కాదు. 'క్లాసు, గది, క్యాంపస్ జాబ్ తప్ప ఇంకేమీ తెలియలేదు' అన్నారు. ఆ బాధకి ఆడిటోరియం మందు కాదు. పెద్ద ఫంక్షన్‌కి ఎవరితో వస్తామో వాళ్ళ పక్కనే కూర్చుంటాం, స్టేజీ వైపు చూస్తాం, భోజనం చేసి వాళ్ళతోనే వెళ్ళిపోతాం. ఆరుగురు రూమ్‌మేట్స్ ఆరుగురిగానే వచ్చి ఆరుగురిగానే తిరిగెళ్తారు. పైగా హాలు, సౌండు, క్యాటరింగు అనేసరికి 500 డాలర్లు ఏ మూలకీ చాలవు. ఉగాదిని మీ ఊళ్ళో ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ చేస్తే అక్కడికి సంతోషంగా వెళ్ళండి, వడ్డనకి నిలబడండి. ఈ గ్రాంటుని మాత్రం వేరే దానికి వాడండి.

దేనికి అంటే, చలికోట్లకి.

ఒక్కసారి ఆలోచించండి. మీ క్యాంపస్‌కి ఆగస్టులో వచ్చే కొత్తవాళ్ళు మన తెలుగువాళ్ళే కాదు. ఢాకా నుంచి, లాగోస్ నుంచి, కొలంబో నుంచి వచ్చేవాళ్ళున్నారు. ఫ్లోరిడా నుంచో టెక్సస్ నుంచో వచ్చిన అమెరికన్లూ ఉంటారు. వీళ్ళందరికీ ఉమ్మడిగా తెలియని సంగతి ఒకటుంది: మంచు. హైదరాబాద్‌లో చలికాలం టిబెటన్ల దగ్గర కొన్న స్వెటర్ మిడ్‌వెస్ట్ జనవరికి లోపల వేసుకునే చొక్కాతో సమానం. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకేమో ఆ చలిలో బతకడం వెన్నతో పెట్టిన విద్య, కానీ వాళ్ళని ఎవరూ ఏమీ అడగరు. అవసరం ఒకరి దగ్గర, తెలివి ఇంకొకరి దగ్గర ఉన్న చోట మాట కలపడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు.

గోర్డన్ ఆల్పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే దీని గురించి చెప్పాడు. వేర్వేరు గుంపుల వాళ్ళని ఒక గదిలో పెట్టినంత మాత్రాన దూరం తగ్గదు. ఇద్దరూ సమాన హోదాలో ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, దానికోసం కలిసి పని చేయాలి, పై సంస్థ మద్దతు ఉండాలి. కల్చరల్ నైట్‌లో ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ ఉంటారు గానీ కలిసి చేసే పని ఉండదు. మీ కార్యక్రమంలో ఆ పని ఉండాలి.

నా మనసులో ఉన్నది ఇలా ఉంటుంది. అక్టోబర్ రెండో వారంలో, ఇంకా మంచు పడకముందు, స్టూడెంట్ యూనియన్‌లో (క్యాంపస్‌లో విద్యార్థుల కార్యక్రమాలకి ఉండే బిల్డింగ్ అది) ఒక గది తీసుకోండి. గుర్తింపున్న క్లబ్బులకి చాలా చోట్ల అది ఉచితం. సెప్టెంబర్ మొదటి నుంచే ప్రొఫెసర్లనీ, ఆఫీసు స్టాఫ్‌నీ, పై ఏడాది విద్యార్థులనీ పాత కోట్లు, బూట్లు, గ్లోవ్స్ ఇవ్వమని అడగండి. అలాంటి ఊళ్ళలో ప్రతి ఇంట్లో వాడని కోటు ఒకటైనా ఉంటుంది, పారేయడానికి మనసొప్పక దాచుకుంటారు. కొత్తది కొనాలంటే సులభంగా వంద డాలర్లు దాటుతుంది, మొదటి సెమిస్టర్‌లో అది చిన్న మొత్తం కాదు.

ఇక బల్లలు. దయచేసి ఈ ఒక్క మాట వదలకండి: వచ్చినవాళ్ళని దేశం బట్టీ, డిపార్ట్‌మెంట్ బట్టీ కూర్చోబెట్టొద్దు. ఉండే వీధిని బట్టి, ఎక్కే బస్సు రూటుని బట్టి కూర్చోబెట్టండి. ఒక్కో బల్ల మీద ఒక వీధి పేరు. ప్రతి బల్ల దగ్గరా ఆ ఊళ్ళో కనీసం రెండు చలికాలాలు గడిపిన మనిషి ఒకరు. ఆ బల్లవాళ్ళంతా కలిసి ఒక కాగితం తయారు చేయాలి: మైనస్ 20 డిగ్రీల రోజు ఈ వీధి నుంచి క్యాంపస్‌కి ఎలా రావాలి, బస్సు ఆలస్యమైతే ఏ బిల్డింగ్‌లోకి వెళ్ళి నిలబడొచ్చు, కారు ఎవరికుంది, హీటర్ ఆగిపోతే ఓనర్‌కి ఏమని రాయాలి, రాత్రి లైబ్రరీ నుంచి ఎవరు ఎవరితో కలిసి వెళ్తారు. గంటన్నర చాలు. ఆ కాగితంలో మీ పక్క బిల్డింగ్‌లో ఉండే ఇరాన్ అమ్మాయి ఫోన్ నంబర్ ఉంటుంది. ఫిబ్రవరిలో తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్న రాత్రి పనికొచ్చేది అదే.

కొత్తవాళ్ళు ఊరికే వినిపోయేవాళ్ళుగా ఉండకుండా చూడండి. కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో, ఇండియన్ గ్రోసరీకి నెలకోసారి ఎవరు కారేసుకుని వెళ్తారో మనవాళ్ళకే తెలుసు. అదీ కాగితంలోకి ఎక్కాలి. అలాంటప్పుడే సమాన హోదా వస్తుంది.

ఇంకొక కారణం కూడా చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు 'ఇంటర్న్‌షిప్ టెన్షన్‌లో ఉన్నాం, ఈ ఈవెంట్లకి టైమెక్కడ' అంటారు. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగి, 1973లో ఒక వ్యాసం రాశాడు. ఆ పరిచయస్తుడిని తరచుగా కలుస్తామన్నవాళ్ళు నూటికి 17 మందే. అప్పుడప్పుడు కలుస్తామన్నవాళ్ళు దాదాపు 56 మంది, ఎప్పుడో గానీ కలవమన్నవాళ్ళు 28 మంది. రూమ్‌మేట్‌కి తెలిసిన సంగతులు మనకి ఎలాగూ తెలిసే ఉంటాయి. మనకి తెలియనివి కొంచెం దూరపు పరిచయస్తుల దగ్గరే ఉంటాయి. 2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కి చేరి, మన దేశం మొదటి స్థానంలోకి వచ్చింది. ఇంతమంది ఉండటం వల్ల ధైర్యం వచ్చింది, నిజమే. కానీ తెలుగువాళ్ళ మధ్యే రెండేళ్ళూ గడిపేసి వెళ్ళిపోయే సదుపాయం కూడా దానివల్లే వచ్చింది. ఈ విషయంలో నాకు నిజంగా దిగులుగా ఉంటుంది.

కోట్లు విరాళంగా వస్తాయి కాబట్టి, అక్టోబర్ కార్యక్రమంలో తిండికీ చిన్న చిన్న సామానుకీ 300 డాలర్లు పెట్టి, మిగిలిన 200 నవంబర్‌కి దాచండి. నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్. అమెరికన్ విద్యార్థులు ఇళ్ళకి వెళ్ళిపోతారు, మెస్సులు మూతపడతాయి, క్యాంపస్ ఖాళీ అవుతుంది. ఒంటరితనం బాగా తెలిసేది ఆ వారంలోనే. ఆ రోజుల్లో యూనియన్ తలుపులు మూసి ఉండొచ్చు కాబట్టి గది కోసం ఏదైనా డిపార్ట్‌మెంట్‌నో, ఊరి పబ్లిక్ లైబ్రరీనో ముందే అడగండి. అక్టోబర్‌లో బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళనే మళ్ళీ ఒక మధ్యాహ్నం భోజనానికి పిలవండి. ఒక్కసారి కలిస్తే మొహం గుర్తుంటుంది, రెండోసారి కలిస్తేనే పేరు గుర్తుంటుంది. అప్లికేషన్‌లోనూ ఈ రెండు భాగాలూ కలిపి ఒకే ప్రాజెక్టుగా చూపించండి.

తిండి గురించి జాగ్రత్త. ఇంట్లో వండి తెచ్చినవి అందరికీ తెరిచిన కార్యక్రమాల్లో పెట్టడానికి చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. కొన్ని చోట్ల క్యాంపస్ క్యాటరింగ్ తప్ప బయటివాళ్ళని రానివ్వరు, చిన్న మొత్తాలకు మాత్రం మినహాయింపు ఇస్తారు. ఇది ముందే కనుక్కోకపోతే బడ్జెట్ తలకిందులవుతుంది. ఊళ్ళోని ఇండియన్ రెస్టారెంట్ నుంచి పులిహోర తెప్పిస్తే అందులో వేరుశెనగ గుళ్ళు ఉన్నాయని పెద్ద అక్షరాలతో చీటీ పెట్టండి. అమెరికాలో పల్లీల ఎలర్జీని తేలిగ్గా తీసుకోరు, తీసుకోకూడదు కూడా. జీడిపప్పు, నెయ్యి, పాలు దేంట్లో ఉన్నాయో కూడా రాయండి. మాంసం పెడితే హలాల్ అవునో కాదో రాయండి, లేకపోతే మొత్తం శాకాహారమే పెట్టేయండి. నేనైతే శాకాహారమే పెట్టమంటాను. అందరూ తినగలరు, ఖర్చూ తగ్గుతుంది.

సినిమా ఆలోచన మానుకోండి. ఇంట్లో నలుగురు స్నేహితులు కూర్చుని చూడటానికి కట్టిన ఓటీటీ చందా, హాల్లో అందరికీ వేయడానికి హక్కు ఇవ్వదు. దానికి పబ్లిక్ పెర్ఫార్మెన్స్ లైసెన్స్ వేరే కొనాలి. పైగా చీకట్లో రెండున్నర గంటలు కూర్చుంటే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

పూజ ఉంటే ఇవ్వరన్న మాట పూర్తిగా నిజం కాదు. 1995లో వర్జీనియా యూనివర్సిటీ ఒక క్రైస్తవ విద్యార్థుల పత్రిక ముద్రణ ఖర్చు ఇవ్వనంటే సుప్రీంకోర్టు తప్పు పట్టింది. 2010లో విస్కాన్సిన్, ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రాల మీద అధికారం ఉన్న అప్పీల్ కోర్టు ఇంకా ముందుకెళ్ళి, అన్ని రకాల విద్యార్థి కార్యక్రమాలకీ డబ్బిస్తూ ప్రార్థన ఉందన్న కారణంతో ఒక సంఘానికి ఆపడం కుదరదని చెప్పింది. అయినా కొన్ని క్యాంపస్‌ల నియమాల్లో మతానికి సంబంధించిన షరతులు కనిపిస్తాయి కాబట్టి మీ దగ్గర ఏముందో చూసుకోండి. నా సలహా మాత్రం చట్టంతో సంబంధం లేనిది. వినాయక చవితి పూజ వేరే రోజు, మీ ఖర్చుతో, భక్తిగా చేసుకోండి. చలికోట్ల సాయంత్రానికి రావాలంటే ఎవరూ గుమ్మం దగ్గర ఆగి 'ఇది నాకేనా' అని ఆలోచించుకోకూడదు.

ఆ మాటే అప్లికేషన్‌లోనూ రాయండి: 'ఏ దేశం వాళ్ళయినా, ఏ డిపార్ట్‌మెంట్ వాళ్ళయినా రావచ్చు.' టెక్సస్‌లో 2024 నుంచి, ఒహాయోలో 2025 నుంచి అమల్లోకి వచ్చిన, యూనివర్సిటీల్లో 'వైవిధ్యం' (డీఈఐ) పేరుతో నడిచే కార్యక్రమాలను కట్టడి చేసే చట్టాల వంటి వాటివల్ల కొన్ని రాష్ట్రాల్లో ఒక వర్గం పేరుతో జరిగే కార్యక్రమాల విషయంలో ఆఫీసులు జంకుతున్నాయి. విద్యార్థి సంఘాలకి టెక్సస్ చట్టంలోనే మినహాయింపు ఉన్నా, ఆ జంకు అలాగే ఉంది. మీ కార్యక్రమం నిజంగానే అందరిదీ కాబట్టి ఆ మాట నిజాయితీగా రాయగలరు. దరఖాస్తులో మీ ముగ్గురి పేర్లే కాకుండా ఒక అమెరికన్ విద్యార్థినీ, ఇంకో దేశం నుంచి వచ్చిన ఒకరినీ కలుపుకోండి. కమిటీ మెచ్చుకుంటుందన్నది అటుంచి, మనుషులు పోస్టర్ చూసి రారు, తెలిసినవాళ్ళు పిలిస్తే వస్తారు. మీకు తెలియనివాళ్ళని పిలవడానికి వాళ్ళకి తెలిసినవాళ్ళు కావాలి.

ఇంగ్లిష్ గురించి భయపడకండి. కమిటీలో ఉండేది మీలాంటి విద్యార్థులే, ఒకే సాయంత్రం బోలెడు అప్లికేషన్లు చదవాలి. పెద్ద మాటలు చూసీ చూసీ వాళ్ళకి విసుగొస్తుంది. 'వైవిధ్యాన్ని పెంపొందించి, వారధులు నిర్మించి' లాంటి వాక్యం ఒక్కటి కూడా వద్దు. ఇంత సాదాగా రాయండి: 'పోయిన ఆగస్టులో మేం ఆరుగురం ఒక ఫ్లాట్‌లో దిగాం. డిసెంబర్ దాకా పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలియలేదు. ఈసారి అక్టోబర్‌లో నలభై మంది కొత్త, పాత విద్యార్థులను ఉండే వీధి ప్రకారం కూర్చోబెట్టి, చలికాలానికి కలిసి సిద్ధమయ్యేలా చేస్తాం. కోట్లు విరాళంగా వస్తాయి. నవంబర్‌లో అదే మనుషులు మళ్ళీ కలుస్తారు.' దీనికింద నలభై అనే అంకె ఎలా వచ్చిందో ఒక వాక్యం. ఫలితం ఎలా కొలుస్తారని అడిగితే, వచ్చినవాళ్ళలో ఎన్ని డిపార్ట్‌మెంట్ల వాళ్ళున్నారో, నవంబర్‌కి ఎంతమంది తిరిగి వచ్చారో లెక్కపెడతామని చెప్పండి. రాశాక, విద్యార్థుల రాతలు సరిచూసుకోవడానికి సాయపడే యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. దానికీ మీ ఫీజులోనే డబ్బు కట్టారు.

బడ్జెట్‌లో గుండ్రటి అంకెలు వేయకండి. 'భోజనం 300' అని రాస్తే ఊహించినట్టుంటుంది. రెస్టారెంట్ దగ్గర కొటేషన్ తీసుకుని, మనిషికి ఇంత, నలభై మందికి ఇంత అని రాయండి. గ్లోవ్స్ కొని పంచుదామనుకుంటే, బహుమతులకి డబ్బు ఇవ్వకూడదనే నియమం ఉందేమో చూడండి. ఉంటే విరాళాలతోనే సరిపెట్టండి.

జేబులోంచి పెట్టే విషయానికి వద్దాం. ఈ గ్రాంట్లలో కష్టపెట్టేది ఇదే. ముందు మీరు ఖర్చు పెడితే తిరిగి రావడానికి వారాలు పడుతుంది. ఏ కాగితం తక్కువైనా ఇంకా ఆలస్యం. నెల నెలా అద్దె చూసుకునే విద్యార్థికి 300 డాలర్లు అలా ఇరుక్కుపోవడం అన్యాయం. అందుకే అప్లికేషన్ పెట్టేముందే ఆ ఆఫీసుకి వెళ్ళి, రెస్టారెంట్‌కి యూనివర్సిటీయే నేరుగా చెల్లించగలదా, లేదా ఆఫీసు వాళ్ళ కొనుగోలు కార్డుతో కట్టగలరా అని అడగండి. చాలా చోట్ల ఈ రెండింటిలో ఒకటి ఉంటుంది. అడగనివాళ్ళకి ఎవరూ చెప్పరు. రెస్టారెంట్ వాళ్ళు కొన్ని పన్ను ఫారాలు నింపి యూనివర్సిటీ లిస్టులోకి ఎక్కాల్సి వస్తే దానికి మూడు నాలుగు వారాలు వేసుకోండి. తప్పనిసరిగా సొంతంగా కొనాల్సినవి ప్లేట్లు, కాగితాలు, మార్కర్ల వరకే ఉంచండి. ఏమేం కొన్నారో వరుసగా ఉన్న బిల్లు దాచండి, కార్డు గీకినప్పుడు వచ్చే చిన్న చీటీ ఒక్కటీ పనికిరాదు. మీ సొంత కిరాణా సామాను అదే బిల్లులో కలపకండి. స్టేట్ యూనివర్సిటీలకి చాలా రాష్ట్రాల్లో సేల్స్ టాక్స్ మినహాయింపు ఉంటుంది. మీరు కట్టేసిన టాక్స్ తిరిగివ్వకపోవచ్చు కాబట్టి మినహాయింపు పత్రం ముందే తీసుకెళ్ళండి. గ్రాంటు మంజూరైన తేదీకి ముందు కొన్న దేనికీ డబ్బు రాదనే అనుకోండి.

వచ్చే మే తర్వాత ఎవరు చేస్తారని అడిగారు. అక్టోబర్‌లో బల్లల దగ్గర చురుగ్గా ఉన్న కొత్తవాళ్ళలో ఇద్దరిని అప్పుడే గుర్తుపెట్టుకుని, నవంబర్ భోజనం బాధ్యత వాళ్ళకివ్వండి. మీరు పక్కన ఉండండి చాలు. అప్లికేషన్, బడ్జెట్, బిల్లుల ఫోటోలు, ఆఫీసులో ఏ పనికి ఏ కౌంటర్‌కి వెళ్ళాలో రాసుకున్న నోట్సు, వీధుల కాగితాలు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టండి. వీధుల కాగితాల్లో నలుగురి నంబర్లూ ఉంటాయి కాబట్టి వాటిని దాచేముందు వాళ్ళ అనుమతి అడగండి. మిగిలిపోయిన కోట్లు ఎక్కడ దాచారో కూడా రాసిపెట్టండి. ఆ ఫోల్డర్ మాత్రం మీ యూనివర్సిటీ మెయిల్‌లో ఉంచకుండా క్లబ్బు అకౌంట్‌లో పెట్టండి. పట్టా వచ్చిన కొన్నాళ్ళకి విద్యార్థుల అకౌంట్లు మూసేసే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి.